నేల కింద రైలెక్కిన అన్నయ్యకు

అన్నయ్యా,

నువ్వు తిరుగు ఓడలో జ్వరంతో పోయి నేటికి ఏడాది. యుద్ధం ముగిశాక నీతోపాటు పటాలం తరఫున విజయ కవాతుకు లండన్ వెళ్ళిన శౌరయ్య ఈరోజు నరసరావుపేటలో మన ఇంటికి వచ్చాడు. అక్కడ నేల కింద రైళ్ళు నడుస్తాయనీ, కిందికి దింపే మెట్లు వాటంతటవే కదులుతాయనీ చెబితే అమ్మ నమ్మలేదు.

"నిజం పిన్నీ. ఆ మెట్లు చూసి నేను బిగుసుకుపోయా. మీవోడు నా చెయ్యి పట్టుకొని, 'ఒరేయ్, కుడి పక్కన నిలబడు, తొందరున్నోళ్ళు ఎడం పక్కన పోతారు' అన్నాడు. గోడ మీద పటంలో ఒక్కో దారికి ఒక్కో రంగు. ఇంగ్లీషు రాకపోయినా ఆ రంగుల్ని బట్టే బండ్లు మార్చి, మా అందర్నీ సరిగ్గా దింపాడు."

"అంత లోతులో వాడికి భయమెయ్యలేదా?" అని అడిగింది అమ్మ.

"భయమా! 'దీన్ని తవ్వినోళ్ళకి దండం పెట్టాల్రా' అంటా చానాసేపు ఆ సొరంగాన్నే చూశాడు."

అమ్మ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. నిన్ను సాగనంపిన నాటి నుంచి స్టేషను వైపే వెళ్ళని మనిషి, సాయంత్రం శౌరయ్యను మాచర్ల బండి ఎక్కించడానికి తానే బయలుదేరింది. బండి కనుమరుగయ్యేదాకా నిలబడి, "మీ అన్న చానా చూశాడే" అంది నాతో.

నీ చెల్లెలు