జోడెడ్ల పంపకం

జహీరాబాద్,
9-2-1962

బస్వమ్మక్కకు చెల్లెలు నారమ్మ దండాలు. బావగారికి కూడా. పిల్లలు బాగున్నారు. మిగతా అందరం క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. ఈ ఉత్తరం బావగారికి చదివి వినిపించు.

దసరా తర్వాత అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెద్దమనుషులు పొలం, గిన్నెలు, చివరికి ఎద్దులు కూడా సమానంగా పంచామని మీసాలు దువ్వుకున్నారు. మీకు తెల్లోడు, మాకు మైలోడు. కోడెలప్పటి నుంచి ఒకే కాడి మోసిన జోడీని విడదీస్తున్నామని ఒక్కరికీ తట్టలేదు. మనిద్దరం కూడా వంటింట్లో రొట్టెలు చేసుకుంటూ కూర్చున్నామే తప్ప, ఇదేం పంపకమని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మీరు కిందటి నెల న్యాల్‌కల్ వెళ్ళిన దగ్గర్నుంచి మైలోడు మేత ముట్టడం లేదు. నెమరు ఆగిపోయింది. పక్కన ఇంకో ఎద్దును కడితే కుమ్మింది. పశువుల డాక్టరు ఇస్సాకుగారు వచ్చి చూశారు. బెంగగానీ భయంగానీ తలలో పట్టుకుంటే నరాల వెంట కడుపుకు దిగుతుందట, కడుపు పని మానేస్తుందట. అట్లా చచ్చిన పశువులను కోసి చూస్తే లోపల పుండ్లు కనబడ్డాయట. దీనికి మందు లేదమ్మా, దాని జోడీని తెచ్చి పక్కకు కట్టున్రి, జర తింటదేమో అన్నారు.

మీ మరిది గడ్డివామి దగ్గర నిలబడి, బావి నీళ్ళకాడ అన్నతో లొల్లి అయిన దినం నేను నోరు మూసుకుంటే అయిపోతుండె అని గొణుక్కుంటున్నారు. బావగారిని తెల్లోణ్ణి తోలుకొని రమ్మను. పది దినాలుంచి తీసుకుపోవచ్చు.

నీ చెల్లెలు,
నారమ్మ

తా.క. అక్కా, ఇక్కడి నుంచి బావగారికి చదవకు. మైలోడు మొన్ననే చచ్చిపోయింది. తమ్ముడి కోసమంటే బావగారు పంతం పడతారు, ఎద్దు కోసమైతే కదులుతారని పైన అబద్ధం రాశాను. ఇప్పుడు తిండి మానింది మీ మరిది. రొట్టెముక్క నోట్లో పెట్టుకున్నా కడుపు పట్టుకుని ముడుచుకుంటున్నారు. నిన్న వాంతిలో నెత్తురు పడింది. దవాఖానకు పోదాం లెవ్వమంటే, అన్న పిలిస్తే పోత అంటున్నారు. బావగారిని తొందరగా పంపు. ఎద్దు ఏదని అడిగితే నేను చెప్పుకుంటాను.