ఓక్ చెట్టు మీద చివరి మాట ఎవరిది

నేను, ఊనా హాల్డేన్, కాలం చేసిన ఎర్విన్ హాల్డేన్ భార్యను, వయసు డెబ్భై తొమ్మిదేళ్లు, వృత్తి చెట్ల సంరక్షణ (మోకాళ్లు మొరాయించాక మానేశాను), విక్టోరియా నగరం రోవన్ వీధి పద్నాలుగో నంబరు ఇంటి కాపురస్తురాలిని, పూర్తి తెలివిడితో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా రాసిన వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. కోపం ఎక్కువగా ఉండటం మతి చలించడం కిందికి రాదని కూడా అందులో అడిగి మరీ రాయించుకున్నాను. 2012లో నేను రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దయినది. ఎందుకు రద్దు చేశానో చెప్పనక్కర్లేదని నా లాయరు అంది. నాకు అక్కర ఉంది, ఆరో అంశంలో చెబుతాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత సదరు లాయరు ఇమోజెన్ ఫార్‌కు అప్పగిస్తున్నాను. ఆమె నా మాటల్ని మర్యాదగా మార్చి రాయబోతే రెండుసార్లు కొట్టేయించాను. ఇక్కడున్న ప్రతి ముక్కా నాదే.

2. పై ఇల్లు, స్థలం, ఇంట్లోని సామాను మా అన్న కూతురు బ్రెనాకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. పెరట్లో ఉన్న ఓక్ చెట్టు విషయం మాత్రం ఏడో అంశానికి లోబడి ఉంటుంది. బ్రెనా ఫెర్రీ మీద ఉద్యోగం చేస్తుంది, మంచి పిల్ల, నలభై రెండేళ్లొచ్చినా ఆత్రం తగ్గలేదు. నేను ఆసుపత్రిలో ఉన్న వారంలో ఇంటి ముందు మేపుల్ చెట్టుకు పట్టిన నాచునంతా, కార్లు కడిగే యంత్రం తెచ్చి, బెరడు లేచిపోయేలా కడిగిపారేసింది. "అత్తా, చూడు, ఎంత శుభ్రంగా ఉందో!" అని గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని చూపించింది. ఆరు నెలలు వాన కురిసే ఊళ్లో చెట్టుకు నాచు పట్టక ఏం పడుతుంది? అది జబ్బు కాదు, చెట్టుకు దానివల్ల ఏ హానీ లేదు. బ్రెనా, ఆ యంత్రాన్ని నా ఇంటి గడప దాటించవద్దు. వంటింట్లో నీలం రంగు టీ కెటిల్ నీకు చిన్నప్పటి నుంచీ ఇష్టమని నాకు తెలుసు, అందుకే దాని పేరు విడిగా రాస్తున్నాను.

3. నా తాళ్లు, నడుముపట్టీ, మూడు చేతిరంపాలు ఈ ఊళ్లో చెట్టెక్కి కొమ్మ కోసే పని నేర్చుకుంటున్న ఎవరైనా ఒక ఆడమనిషికి చెందవలెను. తాళ్లు పాతబడ్డాయి, వాటితో చెట్టెక్కవద్దు, ముళ్లు వేయడం నేర్చుకోవడానికి పనికొస్తాయి. 1968లో నేను పని అడగబోతే, అప్పటి నా యజమాని "చెట్టెక్కడం దాకా ఎందుకమ్మాయ్, కింద పడ్డ ఆకులు ఊడ్చు" అన్నాడు. మూడు నెలలు ఊడ్చాను. తర్వాత ఆయన ఎక్కలేని చెట్లన్నీ నేనే ఎక్కాను. ఆయన పోయాడు కాబట్టి ఆయనకు ఇవ్వాల్సింది ఏమీ మిగల్లేదు.

4. రోవన్ వీధి వాస్తవ్యులందరికీ ఉమ్మడిగా నా సలహాలను దఖలు పరుస్తున్నాను. నలభై ఏళ్లు ఊరికే ఇస్తే ఎవరూ పుచ్చుకోలేదు, ఆస్తి కింద ఇస్తేనైనా పుచ్చుకుంటారేమో. సముద్రం కనబడాలని చెట్టు తల నరికించకండి. నరికిన చోట పుచ్చు పడుతుంది, పక్క నుంచి పిచ్చి కొమ్మలు వస్తాయి, పదేళ్లకు అవే విరిగి మీ కప్పు మీద పడతాయి. కోసిన గాయానికి తారు పూయకండి, కొమ్మ మొదట్లో ఉబ్బును వదిలి కోస్తే గాయాన్ని చెట్టే మూసుకుంటుంది. మొదలు చుట్టూ బెరడు పొట్టు నడుమెత్తు కుప్ప పోయకండి, ఆ తేమకు మొదలు చివుకుతుంది. నా పనిలో మొదటి ఏడేళ్లు, యజమాని చెప్పాడని, నేనూ చెట్ల తలలు నరికాను, తారూ పూశాను. ఆ చెట్లు ఏ ఏ ఇళ్లలో ఉన్నాయో నాకు గుర్తుంది. అటు వెళ్లినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను, చూసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

5. ఇక ఓక్ చెట్టు. మా ఇంటికీ పక్కింటి కోర్నెలిస్ బౌమా ఇంటికీ మధ్య కంచెకు ఇవతల, మా స్థలంలో ఉన్నది. ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్నది. ఈ జాతి ఓక్‌కు శీతకాలమంతా నానడం, వేసవి మూడు నెలలూ ఎండడం అలవాటు. ఎదిగిన చెట్టుకు వేసవిలో నీళ్లు పోస్తే వేర్లు కుళ్లుతాయి. ఈ ముక్క నేను ఊళ్లో కొన్ని వందల మందికి చెప్పాను. 2009 శరదృతువులో మా చెట్టు మొదట్లోనే తేనె రంగు పుట్టగొడుగులు మొలిచాయి. అవి వచ్చాయంటే లోపల వేరు చివుకుతున్నట్టే. ఇప్పుడు మొదలు కొంత బోలు. పైకొమ్మల బరువు కాస్త తగ్గించి, ఏటేటా పరీక్షిస్తే ఇంకా చాలాకాలం నిలుస్తుందని నా అభిప్రాయం. కొట్టేయమని మునిసిపాలిటీ వాళ్ల అభిప్రాయం. వసంతంలోగా ఏదో ఒకటి తేల్చమని నోటీసు అంటించి వెళ్లారు.

6. వేర్లు కుళ్లింది కోర్నెలిస్ బౌమా పచ్చికకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ల వల్లేనని 2011లో నేను మునిసిపల్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టాను. స్థానిక పత్రికలో ఆయన పేరు పెట్టి ఉత్తరం రాశాను. ఆయన పచ్చిక పిచ్చి వీధంతా ఎరిగినదే కాబట్టి అందరూ నమ్మారు. వీధివాళ్లు ఆయన్ని పలకరించడం మానేశారు. ఆయన నీళ్లు ఆపేశాడు. పచ్చిక ఎండింది, ఆయన భార్య నాటిపోయిన హైడ్రాంజియా పూలమొక్కలు ఎండాయి. మరుసటి ఏడు కంచె దగ్గరికొచ్చి, "నీళ్లు ఆపేశాను కదా మిసెస్ హాల్డేన్, ఇంకా పుట్టగొడుగులు వస్తున్నాయేం?" అని అడిగాడు. నేను ఇంట్లోకి వెళ్లి తలుపు వేసేసుకున్నాను.

ఆ ఫిర్యాదు అబద్ధం. అబద్ధమని రాసేటప్పుడే నాకు తెలుసు. పుట్టగొడుగులు కంచె వైపు రాలేదు, మా వంటింటి వైపు వచ్చాయి. నా భర్త ఎర్విన్‌కు 2006లో పక్షవాతం వచ్చి కుర్చీకే పరిమితమయ్యాడు. చెంచా పట్టలేని చేత్తో రబ్బరు పైపు మాత్రం పట్టగలిగేవాడు. వేసవి సాయంత్రాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని, "దాహమేస్తోంది ఊనా దీనికి, నువ్వు పట్టించుకోవు" అంటూ ఓక్‌కు గంటసేపు పోసేవాడు. ఐదు వేసవులు పోశాడు. ఆ పొద్దుకు ఆయన చేసే పని అదొక్కటే. ఊరందరి చేతుల్లోంచి పైపులు లాక్కున్నదాన్ని, ఆయన చేతిలోంచి లాక్కోలేకపోయాను. చెట్టు పాడవుతుంటే చూస్తూ ఎవరినో ఒకరిని తిట్టకుండా ఉండలేకపోయాను, అందుకని పక్కింటాయన్ని తిట్టాను.

2013లో ఎర్విన్ పోయాడు. అప్పటికైనా నిజం చెప్పాల్సింది, చెప్పలేదు. కిందటి నెల కోర్నెలిస్ ఆపిల్ కేకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎనభై నాలుగేళ్లు, చేతికర్ర. నోటీసు చూశానన్నాడు. వెళ్తూ వెళ్తూ, "సాయంత్రాలు ఎర్విన్ చెట్టుకు నీళ్లు పోస్తుంటే నా కిటికీలోంచి చూసేవాణ్ని. ఎంత సంతోషంగా ఉండేవాడో!" అన్నాడు. అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు. మునిసిపల్ ఆఫీసులోనూ చెప్పలేదు, పత్రికకూ రాయలేదు, ఎర్విన్ చెవిన పడుతుందని నోరు మూసుకున్నాడు. నాకు సిగ్గేసింది, మర్నాడే లాయరుకు కబురు పెట్టాను.

2012 వీలునామాలో ఈ నిజం రాయలేదు, దాన్ని రద్దు చేసింది అందుకే. కావున ఈ ఆరో అంశాన్ని, ఒక్క అక్షరం తగ్గించకుండా, అదే పత్రికలో అచ్చు వేయించవలెనని ఇమోజెన్ ఫార్‌ను ఆదేశిస్తున్నాను.

7. సదరు ఓక్ చెట్టు మీద చివరి మాట కోర్నెలిస్ బౌమాది. ఉంచమంటే బ్రెనా ఉంచవలెను, ఏటేటా పరీక్ష చేయించవలెను. కొట్టేయమంటే కొట్టేయించవలెను, అడ్డు చెప్పే హక్కు ఎవరికీ లేదు, నాకూ లేదు. ఎనిమిదేళ్లు దాని ఆకులు ఆయన ఎండిన గడ్డి మీద రాలాయి. ఆయన కొట్టేయమంటాడేమోనని నాకు భయంగా ఉంది. అయినా ఈ మాట మార్చను.

8. ఎర్విన్ వాడిన ఆకుపచ్చ రబ్బరు పైపు కోర్నెలిస్ బౌమాకు చెందవలెను. ఇక తన పచ్చికకు ఆయన నిక్షేపంగా నీళ్లు పెట్టుకోవచ్చునని నా తరఫున ఎవరైనా వెళ్లి చెప్పవలెను. నేనే చెప్పాల్సింది. ఈ నెలలో మూడుసార్లు కంచె దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

పైన రాసినదంతా చదివించుకుని, సరేనని ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను. సాక్షులకు ఏమీ ఇవ్వకూడదట, చట్టం. టీ ఇచ్చాను.

విక్టోరియా, 2019 నవంబరు 14, గురువారం.

(సం.) ఊనా హాల్డేన్

సాక్షులు:
1. మోర్వెన్ కీత్, నర్సు
2. డెస్మండ్ అకర్లీ, గ్రంథాలయ ఉద్యోగి

పై సంతకం మా ఇద్దరి కళ్లెదుట జరిగినది. సంతకం చేసిన పిమ్మట శ్రీమతి హాల్డేన్ ఎనిమిదో అంశం మళ్లీ చదివించుకుని, కోటు తొడుక్కుని, కొక్కేనికి ఉన్న రబ్బరు పైపు మమ్మల్ని దించమని అడిగి, అది భుజాన వేసుకుని పక్కింటికి వెళ్లారు. మేము ఈ మాట రాసే సమయానికి ఇంకా తిరిగి రాలేదు.