అక్క బాగుంది అన్న పాటలు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు మా ఇంటి గ్రూప్‌లో నేను పెట్టింది: సైకిల్ చక్రం చువ్వల మీద ఫిడేలు కమాను లాగుతూ వాయించే ముసలాయన వీడియో. మూడు నిమిషాలు. దాన్ని వెతికి పట్టుకోవడానికి గంట పట్టింది. మధ్యలో పదకొండు లారీలు.

అన్నయ్య దండం బొమ్మ పెట్టాడు. పిన్ని గులాబీ పెట్టింది. అక్క, బాగుంది అని రాసింది.

బాగుంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే చెప్పే మాట అది.

ఫిబ్రవరి 4

నాకు పాట వినడం నేర్పింది అక్కే. చిన్నప్పుడు రేడియో ముందు కూర్చోబెట్టేది. అదిగో, వేణువు తప్పుకుంది, ఇప్పుడు ఫిడేలు ఒక్కటే ఉంది, విన్నావా, వినలేదా అని చెవి మెలిపెట్టేది. నిజంగానే నొప్పి పుట్టేది.

ఇప్పుడు తను రెండో తరగతి పంతులమ్మ. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా జూన్‌లో మళ్ళీ రాయించుకోవాలి. నేను కాటా మీద. రాళ్ళ లారీలు, ఇటుకల లారీలు, తుక్కు లారీలు ప్లేటు ఎక్కుతాయి. బరువు చూసి చీటీ ఇస్తాను. డ్రైవర్లు కాటా మేడం అంటారు. లారీకీ లారీకీ మధ్య ఫోను చూస్తాను. దొరికినదాంట్లో మంచిది రోజుకొకటి గ్రూప్‌లో పెడతాను. గ్రూప్‌లో ఐదుగురం. పెట్టేది మాత్రం ఒక్కరి కోసం.

ఫిబ్రవరి 7

ఉల్లిపాయలు తరుగుతున్న ఆడమనిషి పెయింటింగ్ పెట్టాను. ఎవరు గీశారో తెలియదు. అక్క తొమ్మిది లైన్లు రాసింది. ఆవిడ ఎడమచేతి వాటం, గీసినాయన కుడిచేతి వాటం, అందుకే కత్తి అలా తేలిపోయింది అంది. ఏడవడం లేదు చూడు, అలవాటైన కళ్ళు అంది. నేను మళ్ళీ తెరిచి చూశాను. నిజమే.

ఫిబ్రవరి 8

పడవ లాగేవాళ్ళ పాట. ఎంత మంచి పాటో. మధ్యలో ఒక గొంతు ఆగిపోతుంది, మిగతావాళ్ళు ఆ జాగా ఖాళీగా వదిలేసి పాడుతుంటారు. అది అక్కకు దొరుకుతుందనే పెట్టాను.

బాగుంది.

ఫిబ్రవరి 12

బావ తుక్కు లోడుతో కాటాకు వచ్చాడు. ఏం మరదలా, మీ అక్కకు ఏం మందు పెట్టావు, పిలిస్తే పలకదు, పలికితే కసురుతుంది అన్నాడు. నాకూ అంతే బావా, రెండు మాటలు రాయడానికి చెయ్యి రాదు అన్నాను. పంతులమ్మలతో పెట్టుకుంటే ఇంతే, మనం గోడ కుర్చీ వేయాలి అన్నాడు. చీటీ తీసుకుని పోయాడు.

ఫిబ్రవరి 15

పాత సినిమా నటి ఒకామె నాలుగు సినిమాల్లో ఒకే జత కమ్మలు పెట్టుకుందని ఎవరో ఫొటోలు పక్కపక్కన పెట్టారు. పంపాను. ఐదో సినిమాలో కూడా అవే, పెళ్ళి సీనులో, ఒక కమ్మకు రాయి ఊడిపోయి ఉంటుంది అని అక్క అరగంటలో రాసింది.

కమ్మలకు ఇచ్చే విలువ గొంతుకు ఇవ్వదు.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 3

పరీక్ష పెట్టాను. రాళ్ళ లారీ ప్లేటు ఎక్కుతుంటే ఫోనులో రికార్డు చేశాను. ప్లేటు మూలగడం, హారను, క్లీనరు వెనక్కి వెనక్కి అని అరవడం. నలభై సెకన్లు. కొండ ఊరి ముసలమ్మ పాట, వయసు ఎనభై, తప్పక వినండి అని రాసి పెట్టాను.

3:20

దండం. గులాబీ.

4:05

అక్క: బాగుంది. ఎనభై ఏళ్ళ గొంతులా లేదు.

సాయంత్రం 6

పెట్టేశాను. అది లారీ, ఒక్కరూ వినలేదు, మీ కోసం రోజూ గంట తగలేస్తున్నాను, అక్కా నువ్వు కూడానా అని. అన్నయ్య, లారీ శ్రుతిలోనే ఉందిగా అన్నాడు. పిన్ని, అయ్యో నేను మంచి పాటే అనుకున్నాను తల్లీ అంది. బావ, ఆ లారీకి దండ వేసి అక్కతో సన్మానం చేయిద్దాం అన్నాడు. అందరూ పళ్ళికిలించే బొమ్మలు.

ఏడుంపావుకు అక్క గ్రూప్ వదిలి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 20

ఏమీ పెట్టలేదు. ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 21

అక్కకు నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. పనిలో ఉన్నాను, మెసేజ్ పెట్టు అని రాసింది. పెట్టడానికి ఏముంది? తప్పు తనది. అలక కూడా తనదే.

ఫిబ్రవరి 23, ఆదివారం

వెళ్ళాను. అక్క ఇంటి తలుపు తీసే ఉంది. అక్క వీపు ఇటు పెట్టి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. అక్కా అన్నాను. కదల్లేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి డ్రైవర్లను పిలిచే గొంతుతో అరిచాను. పేజీ తిప్పుకుంది. ఇంత పంతమా అని ఒళ్ళు మండి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఉలిక్కిపడింది. చేతిలో పెన్ను కింద పడింది. ఎప్పుడొచ్చావే, పిలవొచ్చుగా అంది.

పెన్ను తీసిచ్చాను. నిజంగా వినపడలేదా అన్నాను.

ఏడాదిన్నర అయిందట. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం. మూతి చూస్తే మాటలు అందుతాయి, పాట అందదు, రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది అంది. హాజరు ముఖాలు చూసి వేస్తుందట. బావకు తెలియదు. చెవికి మిషను పెట్టుకో అన్నాను. పెట్టుకుని జూన్‌లో హెడ్‌మాస్టర్ ముందు నిలబడనా, చెవిటి పంతులమ్మను ఉద్యోగంలో ఎవడు ఉంచుతాడే అంది. ముందు డాక్టరుకు చూపించు అన్నాను. చూద్దాంలే అంది. అరుచుకున్నాం. అంటే నేను అరిచాను. తను నా మూతి చూసింది.

మరి బాగుంది అని ఎందుకు రాశావు అన్నాను. వినపడలేదంటే పంపడం మానేస్తావుగా అంది.

ఇంకోటి కూడా చెప్పింది. నువ్వు పంపినవన్నీ ఫోను దవడకు ఆనించుకుని పెడతాను, ఒక్కటీ తగలదు, ఆ లారీ ఒక్కటే తగిలింది, పళ్ళు జిల్లుమన్నాయి, బాగుందనే రాశాను, అబద్ధం కాదు అంది.

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది.

ఫిబ్రవరి 26

లారీ కచేరీ మళ్ళీ ఎప్పుడు అని అన్నయ్య గ్రూప్‌లో అడిగాడు. ఏదో ఒకటి రాయబోయి చెరిపేశాను. మూడుసార్లు.

ఫిబ్రవరి 28

బావ వచ్చాడు. మీ అక్కకు పొగరు దిగలేదు, వెనక నుంచి గొంతు చించుకున్నా తిరిగి చూడదు అని మళ్ళీ మొదలుపెట్టాడు. ఎదురుగా వెళ్ళి మాట్లాడు బావా అన్నాను. ఏం, దర్శనం చేసుకోవాలా అన్నాడు. చేసుకో అన్నాను. అంతకంటే ఒట్టు ఒప్పుకోదు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు అని అక్కకు మెసేజ్. చూద్దాంలే.

మార్చి 4

అక్క ఒక్కదానికే పంపాను. ఇటుకల లారీ, లోడుతో ఎక్కేది, ఇరవై రెండు సెకన్లు.

అక్క: రెండో చక్రం తర్వాత ఏదో తప్పుకుంది. విన్నావా, వినలేదా?

వెళ్ళి చూశాను. ప్లేటు కింద బోల్టు ఒకటి లేదు.