దూదో అంటే అనుమానం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మా మాదాపూర్ ఆఫీసులో స్పానిష్ నేర్పిస్తున్నారు. ఈరోజు పాఠం, సందేహాన్ని చెప్పే మాటలు. "దూదో" అంటే నాకు అనుమానంగా ఉందని. దాంతో ఒక వాక్యం చెప్పమంటే, "ఇది గ్యాస్ నొప్పేనంటే నాకు అనుమానమే" అని స్పానిష్‌లో చెప్పాను.

ఆ మాట నీది. ఛాతీ నొప్పని దవాఖానకు పోయి వస్తూ ఆటోలో, "డాక్టరు గ్యాసే అంటున్నడు గని, నాకు నమ్మకం లేదే. ఇంకొకరికి చూపిద్దామా?" అన్నావు. ఆఫీసుకు ఆలస్యమవుతుందని, "ఊకో అక్కా, ఉత్తగనే పరేషాన్ కాకు" అన్నాను. మూడో రోజున నీ గుండె ఆగిపోయింది.

టీచరు మెచ్చుకుంది. నేను బయటికి వచ్చి, ఇన్నాళ్లూ దాచిన ఈ సంగతి ఫోన్‌లో అమ్మకు చెప్పాను.

"నాకు గూడ చెప్పింది బిడ్డా," అంది అమ్మ. "నేను గూడ ఊకొమ్మన్న."