నేను తల ఊపిన మాట

అల్లుడుగారికి,

మొదట చిరంజీవి అని రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. మీరు అనడం మాత్రం అలవాటు కొద్దీ అంటున్నాను.

ఆదివారం మీ ముందుగదిలో మా అమ్మాయి వాచిన చెంపతో తలుపు పక్కన నిలబడింది. ఏం బాబూ ఇది అని అడిగాను. "తనే ప్రొవోక్ చేస్తుంది మామయ్యగారూ, నేనేం చేయను?" అన్నారు. మీ అన్నగారు "అదీ సంగతి" అన్నారు. నేను తల ఊపాను. "చూశావా, మీ నాన్నే ఒప్పుకున్నాడు" అని మీరు అమ్మాయితో అన్నారు. ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఊరిబడిలో నాలుగు అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఎవరైనా ఇంగ్లీషు మాట అంటే సిగ్గేసి తల ఊపేస్తాను. బ్యాంకులో ఊపాను, ఆసుపత్రిలో ఊపాను. మీ ఇంట్లోనూ ఊపాను. అదీ నా ఒప్పుకోలు.

ఎదురింటి టీచరమ్మను ఆ మాటకు అర్థం అడిగాను. పుస్తకం తీసి చదివింది. రెచ్చగొట్టడం, కవ్వించడం, ఉసిగొల్పడం, ఎగదోయడం అట. నా కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూశాను. మీరు చెప్పిన ప్రకారమే, ఆ దెబ్బకు ముందు, పిల్ల పడుకుంది, టీవీ సౌండు కాస్త తగ్గించండి అంది అమ్మాయి. అంతే కదా అన్నది? ఇందులో కవ్వింపేముంది? ఉసిగొల్పడమంటారా, అది కుక్కలను చేస్తారు. ఆ మాట మీకు మీరే తగిలించుకున్నారు, నేననలేదు. ఇక ఎగదోయడం నా పనే. రోజూ బొగ్గులు ఎగదోస్తాను. నిప్పు లేని కొలిమిలో ఎంత ఎగదోసినా బూడిదే లేస్తుంది. నిప్పు నీది. చెయ్యి నీది. మీరు అనడం కూడా ఇక్కడితో సరి.

రేపు పొద్దున్నే వస్తున్నాను. అమ్మాయినీ పిల్లనీ తీసుకెళ్తాను. అడ్డం రాకు.

నీ మామ

*

అల్లుడికి,

పై ఉత్తరం నీ చేతికే ఇద్దామని జేబులో పెట్టుకుని పొద్దున చెప్పులు వేసుకుంటున్నాను. గుమ్మంలో అమ్మాయి. చంకలో పిల్ల, చేతిలో సంచి.

"నేను ఒప్పుకోలేదమ్మా, ఆ రోజు..." అని నసిగాను.

"నువ్వు తల ఊపావంటే నీకు అర్థం కాలేదనే కదా నాన్నా! చిన్నప్పటి నుంచీ చూడ్డంలా? ఎవరో ఒకరు నీకు ఆ మాటకు అర్థం చెప్పకపోతారా, నువ్వు రాకపోతావా అని చూశా. ఇక నావల్ల కాలేదు. ముందు లోపలికి రానియ్యి, చెయ్యి పీకుతోంది."

సంచి అందుకున్నాను. ఏడుపొచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు, పెరిగింది.

పిల్ల లోపల నిద్రపోతోంది. నేను సుత్తి పక్కన పెట్టాను. చప్పుడు తగ్గించమని నన్నెవరూ అడగలేదు.

రెండు ఉత్తరాలూ ఒకే కవరులో పెట్టి పంపుతున్నాను. మీ అన్నగారిని రాయబారం పంపుతావేమో, పంపుకో. టీ ఇస్తాను. ఆయన ఏ భాషలో మాట్లాడినా సరే, ఈసారి నా తల అడ్డంగానే ఊగుతుంది.

ఇట్లు,
అమ్మాయి నాన్న