శిరీష హాజరు

మంగళవారం, రాత్రి

"శిరీష ఈరోజు బడికొచ్చినాదా టీచరమ్మా?" అని సాయంత్రం అంకమ్మక్క అడిగితే, "వచ్చిందక్కా" అనేశాను. ఆదిలాబాద్ నుంచి వాలంటీరుగా పాఠాలు చెప్పడానికొచ్చి నేను ఉంటున్నది ఆమె ఇంట్లోనే. అడిగింది బడి వదిలినా ఇంటికి రాని ఆమె కూతురి గురించే. అయినా క్షణమైనా ఆలోచించలేదు. ఒక్క గదిలో తొంభై మంది పిల్లలు. తలెత్తకుండా పేర్లు పిలుస్తూ టిక్కులు పెట్టుకుంటూ పోతాను. శిరీష పేరుకి ఎవరో "ప్రెజెంట్" అన్నారు, అంతే.

నా మాట నమ్మి అక్కావాళ్లు బడి పక్కనున్న ఇళ్లన్నీ వెతికారు. చీకటి పడ్డాక రొయ్యల గుంటల కాపలాదారు పిల్లను తీసుకొచ్చాడు. నడుము దాకా ఎండిన బురద. కాళ్లు కడుగుతుంటే నా చెవిలో చెప్పింది: "పొద్దన్నుంచి గుంటల కాడే ఉన్నా. నా పేరుకి లావణ్య పలికినాది. అమ్మకి చెప్పొద్దు టీచర్."

నడుము దాకా. ఇంకొక్క అడుగు లోపలికి వేసి ఉంటే?

అన్నం పెడుతూ అక్క అంది: "బడికి పోయిన బిడ్డ యాడికి పోద్దిలే అనుకున్నా. నువ్వు చెప్పబట్టి ధైర్యంగా ఉన్నా గానీ, లేకుంటే నా గుండె ఆగిపోయుండేది."

ముద్ద మింగాను. నిజం చెప్పలేదు.

శిరీష నా పక్క చాప మీద నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోందో లేదోనని ఇప్పటికి మూడుసార్లు చూశాను. హాజరు పట్టీ కూడా తెరిచి చూశాను. తొంభై పేర్లకీ నా టిక్కులే; దాని ప్రకారం ఈరోజు బడికి రానివాళ్లు ఒక్కరూ లేరు.