వకీలు అను కోడిపుంజు, తదితరుల ఆకస్మిక మృతి

చెవిటికల్లు గ్రామం, కంచికచర్ల మండలం నుంచి
గుడిమెట్ల చంద్రమౌళి, కోర్టు అమీనా (రిటైర్డ్)

నందిగామ, పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకులు వారి సముఖమునకు

అయ్యా,

విషయం: పెరటి కోళ్ళు కారణం తెలియకుండా చనిపోవుట – పరీక్ష జరిపించి కారణం తెలియజేయుట – సాక్షుల సంతకాల నుంచి మినహాయింపు కోరుట – గురించి.

పై విషయమై తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను నందిగామ కోర్టులో అమీనాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. సమన్లు అందజేయుట, జప్తు చేయుట, లోపల ఉండి లేరనిపించుకొనువారి తలుపులకు నోటీసు అంటించుట నా విధులు. అందువల్ల ఈ చుట్టుపక్కల నేను ఎరగని గుమ్మం లేదు. నన్ను లోపలికి రమ్మన్న గుమ్మం కూడా లేదు. నాకు పెళ్ళి కాలేదు. ఒకసారి పెళ్ళిచూపులకు జగ్గయ్యపేట వెళ్ళగా, గుమ్మంలో నన్ను చూసిన పిల్ల తండ్రి పెరటి దారిన వెళ్ళిపోయి సాయంత్రం దాకా రాలేదు. ఆయన మీద ఏదో దావా నడుస్తున్నదట. ఆ సంబంధం అక్కడితో ఆగింది. ఈ సంగతి అర్జీకి అవసరం లేదు, రాశాను గనుక ఉండనివ్వగలరు.

2. ఇంట్లో మనిషి అలికిడి లేక కోళ్ళను పెంచుకున్నాను. జీవనోపాధి నిమిత్తం అని రాస్తే బాగుండునేమో గాని అది తప్పుడు వాంగ్మూలం అవుతుంది. పుంజు పేరు వకీలు; తనకు సంబంధం లేని విషయంలో కూడా గొంతెత్తేది. పొదుగుకు కూర్చుంటే ఎవరు లేపినా లేవని నల్లపెట్ట పేరు స్టే. గుడ్డు పెట్టి ఊరంతా వినపడేలా చాటుకునేది డిక్రీ. ఇవాళ కాదు రేపు అన్నట్టు తిరుగుతూ ఎన్నడూ గుడ్డు పెట్టనిది వాయిదా. తక్కినవి పిల్లకోళ్ళు, వాటికింకా పేర్లు పెట్టలేదు. వాటితో మాట్లాడేవాడిని. అవి జవాబు చెప్పవని నాకూ తెలుసును. అయినా నేను మాట్లాడుతుండగా మధ్యలో లేచి వెళ్ళిపోయేవి కావు.

3. మొన్న బుధవారం ఉదయం గంప ఎత్తగా అన్నీ బాగానే బయటికి వచ్చినవి. ఎండ ఎక్కేసరికి వకీలు తూలుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడిపోయెను. నోటి నుంచి జొల్లు కారింది, కాళ్ళు వణికాయి, నీళ్ళు పట్టబోతే మెడ నిలపలేకపోయింది. తరువాత డిక్రీ, ఆ తరువాత పిల్లకోళ్ళు. స్టే మేతకు దిగి, తిరిగి పోయి గుడ్ల మీద కూర్చొని అక్కడే చనిపోయింది. అది ఎప్పుడూ కదలదు గనుక చనిపోయిన సంగతి నాకు చాలాసేపటి దాకా తెలియలేదు. వాయిదా ఒక్కటే ప్రాణంతో ఉన్నది, వణుకు తగ్గలేదు.

4. కొక్కెర తెగులు అయి ఉంటుందని దారిన పోయేవారు నిలబడకుండానే చెప్పి పోయినారు. కాదని నా మనవి. టీకాలు వేయించాను. పచ్చరెట్ట లేదు, మెడ మెలి తిరగలేదు, ఊళ్ళో మరే ఇంటా కోడి చావలేదు. అలవాటు కొద్దీ నేనే శవ పంచనామా రాసితిని. ఒంటిమీద గాయాలు లేవు. మెడ కింద మేత తిత్తి నిండుగా ఉన్నది. ముక్కుకు లేత గులాబీ రంగు మరక ఉన్నది. ఆ మరక ఏమిటో నాకు అంతుపట్టలేదు.

5. చనిపోయిన డిక్రీని సంచిలో పెట్టుకొని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ గీతాంజలి గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కుర్చీ వేసినందుకు ఆమెకు నా కృతజ్ఞతలు ఈ అర్జీ ద్వారా తెలుపగలరు. విషప్రయోగం అని అనుమానిస్తున్నారు గనుక, ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులతో సంతకాలు చేయించి తెండి, కోడిని లేబొరేటరీకి పంపిస్తాను అన్నారు. న్యాయమైన మాటే. ఆమెకు నా సంగతి తెలియదు.

6. ఆ పంచనామా కాగితమే పట్టుకొని వీధిలోకి వెళ్ళాను. మా వైపు ఒక నమ్మకం ఉన్నది. అమీనా చేతి కాగితం ముట్టుకుంటే నోటీసు అందినట్టు, ముట్టుకోకపోతే అందనట్టు. చట్టం అలా లేదని సర్వీసులో ఉండగా ఎందరికో చెప్పి చూశాను, ఎవరూ వినలేదు. నేను రిటైరైనా వారి చేతులు మాత్రం రిటైరు కాలేదు, నన్ను చూస్తే వీపు వెనక్కే పోతాయి. కిరాణా కొట్టు జగన్నాథరావు గారు నా సరుకుల చీటీ కూడా చేత్తో తీసుకోరు, చదివి వినిపించమంటారు. "కోళ్ళ కాగితమని మీరంటున్నారు. తీరా సంతకం పెట్టాక అందులోంచి నా పొలం బయటికొస్తే?" అన్నారాయన. ఇంకొక ఇంట నన్ను చూసి టీవీ ఆపి, లోపల గడియ వేసుకున్నారు. ఊరంతా తిరిగి ఒక్క సంతకం లేకుండా ఇంటికి వచ్చాను.

7. అనుమానితుల విషయం: నేను తలుపు తట్టిన ప్రతివారి మీదా నాకు అనుమానం ఉన్నది. ఒక్క పేరే చెప్పమంటే, గోడ అవతల ఉండే పుల్లమ్మ. ఆమె భర్త బతికుండగా వారి ఎడ్ల జతను జప్తు చేసి తోలుకుపోయినది నేనే. ఆనాటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. రోగమే అయితే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటాను. విషమే అయితే, నేను చేసిన ఉద్యోగానికి నోరులేని జీవాలను చంపేంత కోపం ఈ ఊరికి ఉన్నదని అర్థం. అప్పుడిక ఇక్కడ ఉండలేను, ఇల్లు అమ్ముకొని ఎటైనా పోతాను. ఉండాలో పోవాలో తేల్చుకొనుటకే కారణం అడుగుచున్నాను.

8. నా కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా అని సామెత. తెల్లవారుతున్నది. ఎందుకు తెల్లవారుతున్నదో మాత్రం నాకు తెలియడం లేదు.

కావున తమరు సాక్షుల నిబంధన సడలించి, స్వయంగా వచ్చి పరీక్షించి, వాయిదాకు వైద్యం చేయించవలసినదిగా ప్రార్థన. చనిపోయిన కోళ్ళ తరఫున మాట్లాడుటకు నేను తప్ప, నా తరఫున మాట్లాడుటకు ఈ అర్జీ తప్ప వేరే దిక్కు లేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుడిమెట్ల చంద్రమౌళి

తా.క.: కవరు అంటించేలోపు గేటు చప్పుడైందండి. చూస్తే పుల్లమ్మ. బుధవారం పొద్దున్నే జగ్గయ్యపేటలో చెల్లెలింటికి వెళ్ళి నిన్న రాత్రే వచ్చిందట, కోళ్ళ సంగతి ఆమెకు తెలియదు. గేటు దాటి ఒక అడుగు లోపలికి వేసి ఆగింది.

"పొద్దున నీ పుంజు కూత ఇనపళ్ళా. నీకేమన్నా అయిందేమో చూద్దామని వచ్చా" అంది.

నాకేం కాలేదమ్మా, పుంజే పోయింది అన్నాను. అంటూనే ఏడ్చేశాను. అవి చనిపోయాక నేను ఏడవడం అదే మొదలు. ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది. తరువాత బల్ల మీది పంచనామా చూసి ఏమిటని అడిగింది. దాన్ని చేతిలోకి తీసుకొని సాక్షి సంతకాల సంగతి చెప్పాను. ఇటివ్వు అని చెయ్యి చాచి, నా చేతిలోంచే కాగితం తీసుకుంది. సర్వీసులో గాని ఆ తరువాత గాని నా చేతి కాగితం ఎవరూ అలా అడిగి తీసుకోలేదు.

వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుంటూ అన్నది:

"కోపముంటే నీ మీద ఉంటది గానీ కోళ్ళ మీద నాకెందుకన్నా. బుధవారం ఊరెళ్ళే ముందు కూడా గోడ మీదనుంచి గింజలు ఏశా. విత్తనాలకి తెచ్చిన మొక్కజొన్న మిగిలితే, నాలుగు నీళ్ళు పోసి శుభ్రంగా కడిగే ఏశా. ఎంత ఆశగా తిన్నయ్యో."

ఆ గులాబీ మరక ఏమిటో అప్పుడు తెలిసిందండి. విత్తనాలకు పురుగు పట్టకుండా కంపెనీవాళ్ళు పట్టించే మందు రంగు. నాలుగు నీళ్ళకు రంగు కాస్త తగ్గుతుందేమో గాని మందు పోదు. సాక్షే ముద్దాయి అయిన కేసు నా సర్వీసులో చూడలేదు. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. మిగిలిన గింజలు ఉంటే నాకిమ్మని అడిగాను. కోళ్ళే లేవు కదా అనైనా అడక్కుండా సంచితో సహా తెచ్చి ఇచ్చింది. ఆమె వెళ్ళాక గొయ్యి తీసి ఆ సంచిని పూడ్చేశాను. జగ్గయ్యపేటలో చెల్లెలింట పెట్ట పొదుగుతున్నదట, పిల్లలు దిగితే రెండు తెచ్చి ఇస్తానంది. మేత మాత్రం నేనే కొనుక్కుంటానని చెప్పాను.

కాబట్టి 7వ అంశం కొట్టివేసి పక్కన పొట్టి సంతకం చేశాను. గీత కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి, దయచేసి చదవకండి. ఇల్లు అమ్మను. రెండో సాక్షి దొరకలేదు, ఒక్కరితో సరిపెట్టుకోగలరు.

తమరు మాత్రం రాక తప్పదు. వాయిదా ఇంకా వణుకుతూనే ఉన్నది, దాన్నయినా బతికించాలి. పరీక్ష చేయండి, రిపోర్టులో నిజమే రాయండి. కోర్టులో బతికినవాడిని, అబద్ధం రాయమని అడగను. కాని వెళ్తూ వెళ్తూ పుల్లమ్మ ఒక మాట చెప్పి వెళ్ళింది. "డాక్టరు గారొస్తే నన్ను పిలువన్నా. ఎట్టా పోయినయ్యో నీ తరఫున నేనడుగుతా" అంది. పిలవకపోయినా జీపు చప్పుడు వింటే గోడ దగ్గరికి వచ్చి నిలబడుతుంది. అందుకని, కారణం నాతో చెప్పేటప్పుడు కాస్త గొంతు తగ్గించి చెప్పండి.